ఎర్ర చుక్క బొద్దింకలు

పన్నెండో తరగతిలో ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోగల సబ్జెక్టుల్లో పర్యావరణ శాస్త్రం, పై స్థాయి అని ఒకటుండేది. దాని మీద బడంతా ఒకటే ప్రచారం: అంత సుఖమైన సబ్జెక్టు భూమ్మీద ఇంకోటి లేదు. చెట్లు మంచివి, పొగ చెడ్డది, నీళ్ళు వృథా చెయ్యకూడదు అని తిప్పి తిప్పి రాస్తే చాలు, పేపరు దిద్దేవాళ్ళకి కళ్ళనీళ్ళు తిరిగి మార్కులు వాటంతటవే పడిపోతాయి. ఆ మాట నమ్మి చేరినవాళ్ళు పదిమంది. వాళ్ళలో లాయరు ఒకతె.

లాయరుకి అసలు పేరు లేకపోలేదు. అది హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదంతే. పాలు ఎందుకు తాగాలి, తాగకపోతే ఎవరొచ్చి ఏం చేస్తారు, ఆ సంగతి ఎక్కడ రాసుందో చూపించు అని నాలుగేళ్ళ వయసులో తండ్రిని నిలదీసిందట. ఆయన బస్సు డ్రైవరు. రోజూ వందమందితో వాదించి ఇంటికొచ్చే మనిషి. ఈ నూటొకటోదాన్ని చూసి దణ్ణం పెట్టి ఆ పేరు ఖాయం చేశాడు.

మొదటి రోజు క్లాసుకి వచ్చిన మేడమ్‌ని చూడగానే పదిమందికీ ఏదో తేడాగా ఉందనిపించింది. సన్నగా, ఎండిన పుల్లలా ఉండే ఆవిడ బళ్ళోకి రాకముందు పదిహేడేళ్ళు నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేసింది. ఊరంతా ఏ నీళ్ళలో ఏం కలుపుకుని తాగుతోందో చూసి చూసి మనుషుల మీద ఆవిడకి పెద్దగా భ్రమలు మిగల్లేదు.

"చెట్లంటే ఇష్టమున్నవాళ్ళు చెయ్యెత్తండి," అంది.

పదిమందీ ఎత్తారు. లాయరు రెండు చేతులూ ఎత్తింది.

"దించండి. మీ ఇష్టాలు ఇంట్లో పెట్టుకోండి. ఈ బడి ఆవరణలో ఎన్ని చెట్లున్నాయో తెలిసినవాళ్ళు ఎత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. మేడమ్ బోర్డు వైపు తిరిగి ఒక సమీకరణం రాసింది. దాని కింద ఇంకోటి. గంట కొట్టేసరికి బోర్డంతా అంకెలే. పక్కనున్న చిలక, అంటే లాయరు ప్రాణస్నేహితురాలు, పుస్తకం చాటున ఏడుపు మొహంతో, "ఇది చెట్ల సబ్జెక్టు కాదే, చెట్టెక్కిన లెక్కల సబ్జెక్టు," అని గొణిగింది.

చిలకకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమెతో ఐదు నిమిషాలు కూర్చున్నవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

అయితే నెల తిరిగేసరికి లాయరుకి ఆ సబ్జెక్టు నచ్చడం మొదలైంది. ఆ సంగతి పైకి చెప్పుకోలేదు, పరువుపోతుందని. గడ్డిలో ఉన్న శక్తిలో పదోవంతే మిడతకి చేరుతుంది, మిడతలో ఉన్నదాంట్లో పదోవంతే కప్పకి చేరుతుంది అని మేడమ్ చెప్పగానే, ఆ సాయంత్రమే దాన్ని ఇంట్లో అమలులో పెట్టింది. నాన్న చెప్పిన మాటల్లో పదోవంతు అమ్మకి చేరుతుంది, అమ్మ చెప్పినవాటిలో పదోవంతు తనకి చేరుతుంది, కాబట్టి గదిలో సామాను సర్దకపోవడం తన తప్పు కాదు, ప్రకృతి ధర్మం. వాళ్ళమ్మ చీపురు చేతికిచ్చి, "ఇందులో పదోవంతైనా ఊడువు," అంది.

రెండో నెలలో ప్రాజెక్టు వచ్చిపడింది. ఇద్దరేసి కలిసి బడి ఆవరణలో ఏదో ఒక జీవి సంఖ్య ఎంతో తేల్చాలి. ఇరవై మార్కులు.

పద్ధతి మేడమ్ గుండీల సంచితో చూపించింది. సంచిలోంచి గుప్పెడు గుండీలు తీసి, లెక్కపెట్టి, వాటికి సుద్దతో గుర్తుపెట్టి, మళ్ళీ సంచిలో వేసి కలిపింది. తర్వాత ఇంకో గుప్పెడు తీసింది. "ఈ రెండో గుప్పెట్లో పదోవంతు గుండీలకి గుర్తుందనుకోండి. అంటే నేను మొదట గుర్తుపెట్టినవి మొత్తం సంచిలో పదోవంతన్నమాట. సంచి బోర్లించకుండానే లెక్క తెలిసిపోయింది. గుండీలకి బదులు మీరు ప్రాణమున్నవాటితో చెయ్యాలి. అవి మీ మాట వినవు. అదే ఇందులో ఉన్న చదువు."

పావురాలు ఒక జట్టు ఎగరేసుకుపోయింది. ఉడతలు ఇంకో జట్టు పట్టుకుపోయింది. నత్తలు, వానపాములు కూడా చూస్తుండగానే అయిపోయాయి. ఎండలో తిరగకుండా, వంగకుండా, వీలైతే కూర్చునే చెయ్యగల జీవి ఏదా అని లాయరు బుర్ర పాదరసంలా పరిగెత్తింది.

"బొద్దింకలు మేడమ్," అంది.

క్లాసంతా యాక్ అంది. మేడమ్ మాత్రం ఆ రోజు మొదటిసారి నవ్వినట్టు కనిపించింది. "ఎక్కడ?"

"క్యాంటీన్లో."

ఆ మాట అన్న అరక్షణానికే లాయరుకి తను పప్పులో కాలేసినట్టు తెలిసింది. ఎందుకంటే ఆ క్యాంటీన్ నడిపేది వాళ్ళ పెద్దమ్మ.

పెద్దమ్మ వీళ్ళింటి మేడమీదే ఉండేది. పద్నాలుగేళ్ళుగా ఆ క్యాంటీన్ ఆవిడదే. బన్నులు, ఉడకబెట్టిన గుడ్లు, టీ, నిమ్మరసం, అంతే సరుకు. కానీ శుభ్రత విషయంలో ఆవిడ దగ్గర చట్టం చాలా కఠినం. బల్ల తుడిచే గుడ్డ వేరు, గ్లాసులు తుడిచే గుడ్డ వేరు, చేతులు తుడుచుకునే గుడ్డ వేరు. పొరపాటున ఒకదాని పనికి ఇంకోటి అందుకుంటే మూడు తరాలూ కడిగిపారేసేది. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి, పెద్దమ్మా, నీ క్యాంటీన్లో బొద్దింకలు ఎన్నో లెక్కపెట్టుకుంటాను అని అడగడానికి లాయరుకి నోరు రాలేదు.

అందుకని అబద్ధం ఆడింది. సాయంత్రం క్యాంటీన్ కట్టేసే వేళకి పన్నెండు గాజు సీసాలు సంచిలో వేసుకుని వెళ్ళింది. లోపల పడ్డవి ఎక్కి బయటికి పోకుండా సీసాల మూతి లోపల నూనె రాసింది. అడుగున అరటితొక్క ముక్కలు వేసింది.

"ఏంటే ఇవి?" అంది పెద్దమ్మ.

"గాల్లో తేమ కొలిచే సీసాలు పెద్దమ్మా. గ్లాసులు కడిగే తొట్టి కింద కొన్నీ, గోడ పక్కన కొన్నీ పెడతా."

"తేమకి అరటితొక్క దేనికే?"

లాయరు ఒక్క క్షణం నీళ్ళు నమిలింది. "తేమ దానికి ఆకర్షింపబడుతుంది."

పెద్దమ్మ చెల్లెలి కూతురి వైపు గర్వంగా చూసింది. ఆవిడ ఏడో తరగతితో ఆపేసిన మనిషి. "చదువుకో తల్లీ. నీకు కావాలంటే తొక్కలు నేను దాచిపెడతాను," అంది. ఆ మాటకి నిజం చెప్పేద్దామని లాయరు నోరు తెరిచింది కానీ, ఇరవై మార్కులు గుర్తొచ్చి మూసేసింది.

మర్నాడు పొద్దున్నే తాళంచెవి పట్టుకుని వెళ్ళి సీసాలు తెచ్చుకుంది. నలభై ఎనిమిది దొరికాయి. గుర్తుపెట్టాలంటే అవి కదలకుండా ఉండాలి, కదలకుండా ఉండాలంటే చల్లబడాలి. కాబట్టి వాటన్నిటినీ ఒక డబ్బాలో పెట్టి, డబ్బాని ఫ్రిజ్‌లో పాల పక్కన పెట్టి, చిలక కోసం వీధి గుమ్మంలోకి వెళ్ళింది.

మధ్యాహ్నం డ్యూటీ ఉన్న తండ్రి అప్పుడే లేచి, టీలోకి పాలకోసం ఫ్రిజ్ తెరిచాడు. డబ్బా కనిపించింది. మూత తీశాడు. లోపల గోధుమరంగులో నిగనిగలాడుతూ ఉన్నాయి. కళ్ళజోడు లేదు.

"ఖర్జూరాలు ఎప్పుడు తెచ్చావోయ్?" అని భార్యని కేకేసి ఒకటి తీసుకున్నాడు. నోటిదాకా వచ్చాక ఆ ఖర్జూరం నెమ్మదిగా ఒక కాలు చాపింది.

పాతికేళ్ళుగా ఎంత ఇరుకు రోడ్డులోనూ హారన్ మోగించి ఎరగనని చెప్పుకునే ఆ మనిషి పెట్టిన కేక ఆ వీధిలోవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. డబ్బా మాత్రం కింద పడకుండా లాయరు ఆఖరి క్షణంలో అందుకుంది. "నాన్నా, ఒకటి తగ్గితే లెక్క తప్పుతుంది!" అంది. అదీ ఆమె ఆయన్ని ఓదార్చిన తీరు.

గుర్తులు పెట్టడం చిలక పని. వాళ్ళక్క గోళ్ళరంగు ఎత్తుకొచ్చింది, ఎర్రది. మొదటి ఐదింటికి కెవ్వుమంది, పదోదానికి మూతి ముడుచుకుంది, ఇరవై దాటాక, "దీని రెక్కలు చూడవే, మా అక్క జుట్టుకన్నా నున్నగా ఉన్నాయి," అంటూ పనిలో పడిపోయింది. వీపు మీద ఒక్కో ఎర్ర చుక్క. పెద్దమ్మ వచ్చేలోపల వాటిని తీసుకెళ్ళి తొట్టి కింద వదిలేశారు. అవి వెళ్ళడానికి మనసొప్పనట్టు కాసేపు నిలబడి, తర్వాత ఎవరి దారిన అవి పోయాయి.

నాలుగు రోజులాగి మళ్ళీ సీసాలు పెట్టారు. ఈసారి యాభై దొరికాయి. అందులో ఎర్ర చుక్క ఉన్నవి రెండు. రెండే.

మొదటి పీరియడ్‌లో, మేడమ్ క్లాసులోనే, లాయరు కాగితం మీద లెక్కవేసింది. నలభై ఎనిమిదిని యాభైతో హెచ్చించి రెండుతో భాగిస్తే పన్నెండు వందలు. మళ్ళీ వేసింది. మళ్ళీ పన్నెండు వందలే. అంత పెద్ద అంకె తన చేతుల్లోంచి రావడం ఆమెకి అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. సంతోషంతో మొహం వెలిగిపోయింది. పెద్దమ్మ ఆ క్షణంలో అసలు గుర్తే రాలేదు.

"ఎవరికీ చెప్పకు," అంది చిలకతో.

"నేనెందుకు చెప్తాను?" అంది చిలక. రెండో పీరియడ్ అయ్యేసరికి పదకొండో తరగతికి తెలిసింది. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి ఆరో తరగతికి కూడా తెలిసింది. క్యాంటీన్ బయట పలక మీద పెద్దమ్మ పొద్దున్నే గుండ్రటి అక్షరాలతో రాసిన సరుకుల పట్టిక కింద ఎవరో సుద్దతో, "ఇప్పటికే పన్నెండు వందలమంది తింటున్నారు, మీరూ రండి," అని రాశారు.

ఆ రోజు ఒక్క బన్ను అమ్ముడుపోలేదు. పెద్దమ్మకి మొదట అర్థం కాలేదు. ఏదైనా పరీక్ష ఉందేమో అనుకుంది. పలక దగ్గరికి వచ్చి చదివాక, పక్కనున్న పిల్లని అడిగితే ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. సీసాల సంగతి, అరటితొక్కల సంగతి, ఎవరు పెట్టారన్న సంగతి.

సాయంత్రానికి పెద్దసారు చేతికి చిక్కింది వ్యవహారం. పెద్దసారంటే బడికి ప్రధానోపాధ్యాయుడు, పన్నెండో తరగతికి చరిత్ర కూడా చెప్పేవాడు. గోడల మీద శుభ్రత గురించి ఉన్న సూక్తులన్నీ ఆయన స్వహస్తాలతో తయారుచేసినవే. "వచ్చే శుక్రవారం శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా క్యాంటీన్ మూసెయ్యండి," అని ఆజ్ఞ వేసి, పెద్దమ్మ ముందే ముక్కుకి చేతిరుమాలు అడ్డంపెట్టుకున్నాడు. మేడమ్‌ని పిలిచి, "మీ చెట్ల సబ్జెక్టుని చెట్ల దగ్గరే ఉంచండి," అన్నాడు.

ఇంట్లో పెద్దమ్మ అరుస్తుందని లాయరు ఎదురుచూసింది. అరిస్తే వాదించవచ్చు. కానీ పెద్దమ్మ అరవలేదు. ఆ రాత్రి అందరితో కలిసి అన్నానికి కూర్చుని, లాయరు వైపు చూడకుండా, "మరిదీ, మీ ఇంట్లో ఒక శాస్త్రవేత్త ఉందట. ఆవిడ దగ్గర ఉప్పుంది. వీలుంటే ఇటు పంపమని చెప్పండి," అంది.

"వదినా, చిన్నపిల్ల..." అని ఆయన మొదలుపెట్టబోయాడు.

"తేమ కూడా ఎలా ఉందో కనుక్కోండి," అంది పెద్దమ్మ.

మర్నాడు సాయంత్రం లాయరు క్యాంటీన్ కిటికీలోంచి తొంగిచూసింది. పెద్దమ్మ మోకాళ్ళ మీద వంగి నేల రుద్దుతోంది. అప్పటికే రెండుసార్లు రుద్దినట్టుంది, నేల తెల్లబడిపోయింది. పక్కన బకెట్లో మూడు గుడ్డలూ కలిపి నానేసి ఉన్నాయి. బల్లది, గ్లాసులది, చేతులది, మూడూ ఒకే బకెట్లో. లాయరుకి తను చేసిన పని ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్ళే ధైర్యం లేక, అక్కణ్ణించే తిరిగి మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"నా లెక్క తప్పై ఉంటే బావుండు మేడమ్," అంది.

"బావుండటం కోసం లెక్క తప్పవదు. తప్పయితే తప్పవుతుంది," అంది మేడమ్, పేపర్లు దిద్దుతూ. తర్వాత కలం కింద పెట్టింది. "గుండీల సంచి గుర్తుందా? నేను గుర్తుపెట్టిన గుండీల్లో సగం ఎవరో జేబులో వేసుకుపోయారనుకో. రెండో గుప్పెట్లో ఏమవుతుంది?"

"గుర్తున్నవి తక్కువ దొరుకుతాయి."

"అప్పుడు సంచి?"

"ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది." లాయరు నోరు తెరుచుకుపోయింది. "మేడమ్, నా బొద్దింకల్ని ఎవరు జేబులో వేసుకుపోయారు?"

"ఆ సంగతి నన్నెందుకు అడుగుతావు? నేను క్యాంటీన్ ఊడవను కదా."

లాయరు ఆ మాట పట్టుకుని ఆయమ్మ దగ్గరికి పరిగెత్తింది. బడంతా ఊడ్చేది ఆయమ్మే. మెట్ల కింద కూర్చుని చీపురు బిగించుకుంటోంది.

"ఆయమ్మా, ఈ వారంలో ఎర్ర చుక్కలున్న బొద్దింకలేమైనా కనిపించాయా?"

"కనిపించకేం! అవి నీ పనా? మామూలువైతే నేల రంగులో కలిసిపోతాయి, నాకు చత్వారం, కనబడి చావవు. ఇవి దీపం పెట్టుకుని తిరిగినట్టు తిరుగుతుంటే వదులుతానా? ఒక్కో దెబ్బ. ఇరవై దాకా పోయుంటాయి."

"ఇరవయ్యా!" లాయరుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గోళ్ళరంగు వేసి వాటి చావుకి తామే ముహూర్తం పెట్టారన్నమాట. "క్యాంటీన్లో అన్నీ నువ్వే చంపావా?"

"క్యాంటీన్లో నాకేం పని? అక్కడ మీ పెద్దమ్మ నన్ను అడుగు పెట్టనివ్వదు, నా చీపురు శుభ్రంగా లేదంటుంది. నేను చెప్పేది స్టాఫ్‌రూమ్ సంగతి."

లాయరు మెట్టు మీద కూలబడింది. క్యాంటీన్లో గుర్తుపెట్టి వదిలిన బొద్దింకలు, నడవకి అవతలున్న స్టాఫ్‌రూమ్‌లో చచ్చాయి. అంటే అవి అటు వెళుతున్నాయి. లేకపోతే ఇంకో మాట. అవి అసలు అక్కడివే, ఇటు షికారుకి వస్తున్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాలంది. మేడమ్ సరేనంది. ఈసారి గుర్తులు వీపు మీద కాదు, పొట్ట మీద, ఆయమ్మ కంట పడకుండా. క్యాంటీన్లో దొరికినవాటికి ఆకుపచ్చ, స్టాఫ్‌రూమ్‌లో దొరికినవాటికి నీలం. చిలక వాళ్ళక్క పెట్టె ఖాళీ అయిపోయింది.

స్టాఫ్‌రూమ్‌లో సీసాలు పెట్టడానికి పెద్దసారు అనుమతి కావాలి. ఆయన ససేమిరా అన్నాడు. "స్టాఫ్‌రూమ్‌లో బొద్దింకలుండవమ్మా. చదువుకున్నవాళ్ళుంటారు."

మేడమ్ ఆయనతో వాదించలేదు. సాయంత్రం తన చేతిసంచిలో సీసాలు వేసుకుని వెళ్ళి, సోఫా కింద, చేతులు కడుక్కునే తొట్టి కింద, పెద్దసారు చెక్క బీరువా వెనకాల పెట్టి వచ్చింది. పొద్దున్నే మళ్ళీ అదే సంచిలో తెచ్చింది. "పదిహేడేళ్ళు మురుగునీళ్ళు మోసాను. ఇదెంత?" అంది.

క్యాంటీన్ తాళం మాత్రం లాయరు అడిగి తీసుకోవలసి వచ్చింది. మేడమీదకి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఏ తేమా లేకుండా ఉన్నమాట చెప్పింది. "పెద్దమ్మా, బొద్దింకలు లెక్కపెట్టాలి. అప్పుడు కూడా అందుకే వచ్చాను. అబద్ధం చెప్పాను."

పెద్దమ్మ టీవీ వైపే చూస్తూ తాళంచెవి బల్ల మీద పెట్టింది.

గురువారానికి లెక్క తేలింది. స్టాఫ్‌రూమ్‌లో నలభై గుర్తుపెడితే, రెండోసారి దొరికిన ముప్పై ఆరింటిలో పన్నెండుకి నీలం చుక్క ఉంది. అంటే అక్కడ మొత్తం సుమారు నూట ఇరవై. క్యాంటీన్లో గుర్తుపెట్టినవి పన్నెండు. రెండోసారి పది దొరికితే వాటిలో మూడింటికి ఆకుపచ్చ. అంటే సుమారు నలభై. ఆ పదింటిలో నాలుగింటికి నీలం చుక్క ఉంది. స్టాఫ్‌రూమ్‌లో పుట్టి, పెరిగి, క్యాంటీన్‌కి వలస వచ్చినవి.

"ఒకటుంది. మీ పెద్దమ్మ ఈ వారంలో నేల ఎన్నిసార్లు కడిగింది?" అంది మేడమ్.

"రోజుకి రెండుసార్లు."

"అది కూడా రాయాలి. ముందు ఎన్నుండేవో మనకి తెలీదు. మీ పెద్దమ్మని కాపాడుతున్నావని లెక్కని కాపాడటం మానెయ్యకు."

శుక్రవారం శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయనకి జలుబు. ఎక్కడ బడుంటే అక్కడ క్యాంటీనుంటుంది, ఎక్కడ క్యాంటీనుంటే అక్కడ తను ఉండాలి అన్న విసుగు మొహంలో కనిపిస్తోంది. క్యాంటీన్లో తొట్టి కింద టార్చి వేసి చూశాడు, గోడ రుద్దాడు, గ్లాసు వెలుగుకి పెట్టి చూశాడు. "మా ఇల్లు ఇంత శుభ్రంగా ఉండదు," అని తుమ్మాడు. పెద్దమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఆ మాట విన్నట్టు కూడా లేదు.

"సార్, ఇక్కడితో ఆగకూడదు," అంది లాయరు. తన కాగితాలు ఆయన ముందు పెట్టింది. నీలం, ఆకుపచ్చ, బాణం గుర్తులు.

పెద్దసారు మధ్యలోకి వచ్చాడు. "చిన్నపిల్లల ఆటలండీ..."

ఇన్‌స్పెక్టర్ కాగితం చూశాడు, లాయరుని చూశాడు, ముక్కు తుడుచుకున్నాడు. బహుశా ఆయన ఉద్యోగంలో ఎవరూ ఆయనకి బాణం గుర్తు వేసి దారి చూపించి ఉండరు. "స్టాఫ్‌రూమ్ ఎటు?" అన్నాడు.

స్టాఫ్‌రూమ్‌లో తొట్టి గొట్టం గోడలోకి దూరేచోట చెయ్యి పట్టేంత కన్నముంది. ఆ గొట్టమే గోడ లోపల్నుంచి దిగి, నడవ కిందుగా క్యాంటీన్ తొట్టి దాకా పోతుంది. కన్నానికి సరిగ్గా ఆనుకుని పెద్దసారు చెక్క బీరువా.

"తెరవండి."

"తాళం ఎక్కడో పోయిందండీ. చాలాకాలమైంది."

"అలాగా," అని ఇన్‌స్పెక్టర్ బీరువాకి భుజం ఆనించి వంగి వెనకకి టార్చి వెయ్యబోయాడు. అంతే. పుచ్చిపోయిన తలుపు బందుతో సహా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

ముందు వచ్చినవి బొద్దింకలు. ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు, ఒక్క లాయరు తప్ప. లెక్కల సారు బల్లెక్కాడు. ఇంగ్లీషు మేడమ్ కుర్చీ ఎక్కి, కుర్చీ మీదనుంచి లెక్కల సారు ఉన్న బల్ల మీదకి మారింది. ఆయమ్మ మాత్రం చీపురుతో సహా ఎక్కణ్ణించో ప్రత్యక్షమైంది.

బొద్దింకల వెనకాల కాగితాల కట్టలు జారిపడ్డాయి. జవాబు పేపర్లు. మైదా జిగురుతో అంటించిన అట్టల అంచులు కొరికేసి ఉన్నాయి. కట్టలకి కట్టిన దారాలు మాత్రం, పరీక్ష హాల్లో ముడివేసినట్టే, చెక్కుచెదరకుండా ఉన్నాయి. లాయరు కాలి దగ్గర పడ్డ కట్టలో పైనున్నది తన దస్తూరీయే. పోయిన టర్ము చరిత్ర పేపరు. అట్ట మీద ఎక్కడా ఎర్రసిరా గీత లేదు. ఆ పేపరుకి ఆమెకి డెబ్బై ఒకటి వచ్చింది.

"నాకూ డెబ్బై ఒకటే!" అని చిలక ఎవరూ అడక్కుండానే గట్టిగా అంది. "సార్, ముడి విప్పకుండానే ఎలా దిద్దారు?"

పెద్దసారు చేతిరుమాలు తీశాడు కానీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సమయాభావం వల్ల కొన్ని... సగటు పద్ధతి..."

"నేను బొద్దింకలకే వచ్చానండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అవి చదువుతున్నవాటితో నాకు సంబంధం లేదు." స్టాఫ్‌రూమ్ మూడు రోజులు మూసి మందు కొట్టాలనీ, గొట్టం కన్నం రెండువైపులా సిమెంటు పెట్టాలనీ, క్యాంటీన్ తెరుచుకోవచ్చనీ రాసి, సంతకం పెట్టి, తుమ్మి వెళ్ళిపోయాడు.

సోమవారం ప్రార్థన దగ్గర పెద్దసారు ఐదు నిమిషాలు మాట్లాడాడు. క్యాంటీన్ నిర్దోషి అన్న మాట ఐదో నిమిషంలో, గంట మోతలో కలిపి చెప్పాడు. చరిత్ర పేపర్లన్నీ మళ్ళీ దిద్దారు, ఈసారి నిజంగా. లాయరు డెబ్బై ఒకటి యాభై ఎనిమిదైంది. చిలకది డెబ్బై తొమ్మిదైంది. నిజం బయటపెట్టినదానికి పదమూడు మార్కులు పోయి, పక్కన నిలబడి అరిచినదానికి ఎనిమిది కలవడం ఏ న్యాయమో లాయరు ఎంత వాదించినా ఎవరూ తేల్చలేకపోయారు.

ప్రాజెక్టుకి ఇరవైకి పదహారు వచ్చాయి. మేడమ్ చివరి పేజీలో రాసింది: "మొదటి అంచనా ఎందుకు తప్పిందో బాగా రాశావు. రెండు మార్కులు తేమ గురించి అబద్ధం చెప్పినందుకు తగ్గించాను. రెండు మార్కులు అంకె చూసి ఆలోచించకుండా సంతోషించినందుకు. ఆ సంతోషం నీ మొహంలో కనిపించింది."

కన్నం పూడ్చే పని మేస్త్రీకి చెప్పకుండా పెద్దమ్మే పెట్టుకుంది. లాయరు అడక్కుండానే వెళ్ళి సిమెంటు కలిపింది. ఇద్దరూ తొట్టి కింద పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. పెద్దమ్మ తాపీతో పూస్తోంది, లాయరు అందిస్తోంది. పెద్దమ్మ, గోడ వైపే చూస్తూ, "నా దాంట్లో ఎన్ని?" అంది.

"నలభై, సుమారుగా."

"నలభయ్యా!" తాపీ ఆగిపోయింది.

"అంచనానే పెద్దమ్మా. ఇరవై అయినా కావచ్చు, ఎనభై అయినా కావచ్చు."

"అయితే ఇరవై అను."

"అలా అనకూడదు."

"మరి పన్నెండు వందలనడానికి నోరెలా వచ్చిందే నీకు?"

లాయరు వాదించలేదు. నాలుగేళ్ళ వయసు నుంచి మొదటిసారి. తలొంచుకుని, సిమెంటు అంటిన వేళ్ళు చూసుకుంటూ, "తప్పయిపోయింది పెద్దమ్మా," అంది.

పెద్దమ్మ ఇంకో రెండుసార్లు పూసి, వేలితో అంచు నున్నగా చేసింది. "ఇంట్లో మనిషివి. నన్నడిగుంటే సీసాలు నేనే పెట్టేదాన్ని," అంది. "లే. చేతులు కడుక్కుని గల్లా దగ్గర నిలబడు. ఎవరేమడిగినా నువ్వే జవాబు చెప్పు. నేను చెప్పను."

మధ్యాహ్నం బెల్లు కొట్టింది. పిల్లలు వచ్చి దూరంగా గుంపుగా నిలబడ్డారు. ఎవరూ ముందుకి రాలేదు. కాసేపటికి ఆరో తరగతి పిల్ల ఒకతె, రెండు జడలూ ఊడిపోయి, గుంపులోంచి ఊడిపడింది. బల్ల మీదకి గడ్డం ఆనించి లాయరుని అడిగింది.

"అక్కా, ఇప్పుడెన్నున్నాయి?"

లాయరు లోపలికి చూసింది. పెద్దమ్మ టీ వడపోస్తూ అటు తిరిగే ఉంది.

"నలభై," అంది లాయరు. "కొంచెం అటూ ఇటూగా. కన్నం పూడ్చాం, ఇంకా తగ్గుతాయి."

ఆ పిల్ల వేళ్ళ మీద ఏదో లెక్కవేసింది. "మా ఇంట్లో ఇంకా ఎక్కువుంటాయి," అంది. "రెండు బన్నులియ్యి."

"పెద్దవి చూసి ఇవ్వవే," అంది పెద్దమ్మ లోపల్నుంచి.